సరిహద్దు జిల్లాల చిన్న సేవాసంస్థలు: లెక్కలు, కార్యాలయం, నిపుణుల సాయం విడిగా పెట్టుకోవాలా, కలిసి పంచుకోవాలా?

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మీదుగా జయపురం దాకా ఒడిశా దక్షిణ జిల్లాల్లో తెలుగువారు నడిపే చిన్న సేవాసంస్థలు చాలా ఉన్నాయి. ఒకటి సాయంకాలం పిల్లలకు చదువు చెబుతుంది, ఒకటి ఒంటరి వృద్ధులకు భోజనం పంపుతుంది, ఇంకొకటి కొండ గ్రామాలలో వైద్య శిబిరాలు పెడుతుంది. ముగ్గురో నలుగురో పూనుకొని నడిపే ఇటువంటి సంస్థలో కార్యదర్శే గుమస్తా, కోశాధికారే కొనుగోలుదారు. అయితే పన్ను చట్టం, సొసైటీల చట్టం వీరి నుంచి కోరే కాగితాలు పెద్ద సంస్థల నుంచి కోరేవాటికంటే పెద్దగా తక్కువేమీ కావు. ఆ భారం మోయడానికి ఏ ఏర్పాటు తమకు తగినదో తేల్చుకోలేక సతమతమవుతున్న కార్యవర్గాల కోసం, ముఖ్యంగా ఏడాదికి కొన్ని లక్షల నుంచి ఇరవై లక్షల రూపాయల వరకు రాబడి ఉన్న సంస్థల కోసం, ఈ పోలిక రాస్తున్నాను.

ఒక మాట ముందుగా చెప్పాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే ఏర్పాటు జరిగింది. దానితో సెక్షన్ల సంఖ్యలు, ఫారాల పేర్లు మారతాయి. అందరికీ అలవాటైనవి కనుక ఇక్కడ 12ఎబి (ధర్మసంస్థ రాబడికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు), 80జి (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే ఆమోదం), 10బిడి వంటి పాత పేర్లే వాడుతున్నాను. ఏదైనా దాఖలు చేసేముందు కొత్త సంఖ్యను, గడువును ఆడిటరును అడిగి సరిచూసుకోవాలి.

## ముందు చూడవలసిన అంశాలు

గడువులు. ఏ ఏర్పాటు ఎంచుకున్నా, అది ఏడాది పొడవునా వచ్చే గడువులను తప్పకుండా చూడగలదా అన్నదే మొదటి ప్రశ్న. 80జి కింద విరాళాలు తీసుకున్న సంస్థ దాతల వివరాలతో 10బిడి పత్రాన్ని మే 31లోగా దాఖలు చేసి, దాతలకు 10బిఇ ధ్రువపత్రాలు ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల చొప్పున రుసుము పెరుగుతుంది. మినహాయింపులు లెక్కించక ముందు ఆదాయం పన్ను లేని పరిమితిని దాటిన సంస్థ ఆడిట్ చేయించి, సాధారణంగా సెప్టెంబరు 30లోగా ఆ నివేదికను, అక్టోబరు 31లోగా రిటర్నును దాఖలు చేయాలి. విదేశీ నిధులు లేని చిన్న సంస్థకు ఆ నివేదిక 10బిబి రూపంలో ఉంటుంది. ఒడిశాలో సొసైటీలు 1860 చట్టం కింద నమోదవుతాయి కనుక, వార్షిక సర్వసభ్య సమావేశం జరిగిన 14 రోజులలోపు కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు అందజేయాలి. చిన్న సంస్థలు ఎక్కువగా మరిచిపోయేది ఈ చివరి పనినే. బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్చవలసి వచ్చిన రోజున ఆ మరపు బయటపడుతుంది.

వీటికి నమోదు గడువులు కూడా తోడవుతాయి. గత రెండేళ్ళలో ఏ ఏటా ఆదాయం 5 కోట్లు దాటని సంస్థలకు 12ఎబి నమోదు కాలాన్ని 2025 ఆర్థిక చట్టం 5 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళకు పెంచింది. ఆ పెంపు 80జి ఆమోదానికి వర్తించలేదు. కాబట్టి రెండు తేదీలనూ వేర్వేరుగా రాసి పెట్టుకోవాలి.

భాష. మైదాన ప్రాంతపు సంస్థలకు లేని చిక్కు మన జిల్లాల్లో ఇదే. దుకాణదారు బిల్లు ఒడియాలో ఉంటుంది, సమావేశపు మినిట్స్ తెలుగులో ఉంటాయి, పన్ను పోర్టల్ ఇంగ్లిషులో ఉంటుంది, శిబిరానికి వచ్చినవారు సవర, కువి, కోయ వంటి భాషలు మాట్లాడతారు. తెలుగు చదవలేని లెక్కల మనిషి తెలుగు వోచరును "ఇతర ఖర్చులు" కింద పడేస్తాడు. ఒడియా రాని మనిషి రిజిస్ట్రారు కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాన్ని నెలల తరబడి పక్కన పెడతాడు. సవర భాష నేర్చుకొని, ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు అందాలని పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితంలో ఎక్కువ కాలం గడిపిన ఊరు పర్లాకిమిడి. తాను చదవలేని రసీదు మీద వేలిముద్ర వేసే మనిషికి అందులో ఏముందో చదివి చెప్పడం సహాయ సిబ్బంది పనిలో భాగం కావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఓపిక ఎవరికి ఉందో చూసి మనిషిని ఎంచుకోవాలి.

సంతకం, పాస్‌వర్డు, ఫోను. పని పంచుకోవచ్చు, డబ్బు మీద అధికారాన్ని పంచుకోకూడదు. పన్ను పోర్టల్‌లో నమోదైన మొబైల్ నంబరు లెక్కల మనిషిది కాక కార్యవర్గ సభ్యుడిదే అయి ఉండాలి. కార్యదర్శి డిజిటల్ సంతకం కార్యదర్శి దగ్గరే ఉండాలి. సౌకర్యం కోసం రెంటినీ అప్పగించేయడం మన ప్రాంతంలో మామూలైపోయింది. ఆ మనిషి ఊరు మారినా, ఆయనతో మాట పట్టింపు వచ్చినా సంస్థ చేతులు కట్టుకొని కూర్చోవలసి వస్తుంది.

పేరు, చరిత్ర. చేసిన పని ఎవరి పేరు మీద నమోదవుతోందన్నది మరో ముఖ్యమైన విషయం. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు పొందాలంటే స్వతంత్ర సంస్థకు 12ఎబి, 80జి నమోదులు, సీఎస్‌ఆర్-1 నమోదు (కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర చేసుకునేది), అదే తరహా పనిలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి. ఆ మూడేళ్ళు మన పేరు మీద గడుస్తున్నాయా, వేరొకరి పేరు మీదనా అన్నది ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. కాకపోతే ఫీజుతో పాటు ప్రయాణాన్నీ లెక్కలో కలపాలి. రాయగడ జిల్లా లోపలి ఊరి నుంచి కాగితాల సంచితో బరంపురం వెళ్ళి రావడం అంటే కార్యదర్శికి ఒక రోజు సేవ పోయినట్టే.

## ఒక చూపులో

| ఏర్పాటు | నెలసరి భారం | భాషా సౌలభ్యం | అధికారం ఎవరి చేతిలో | మన పేరు మీద చరిత్ర | విడిపోవడం |
|---|---|---|---|---|---|
| సొంత అకౌంటెంటు లేదా ఆడిటరు కార్యాలయం | ఎక్కువ | మనిషిని బట్టి | మన చేతిలో | పెరుగుతుంది | సులభం |
| ఇరుగుపొరుగు సంస్థలతో కలిసి ఒకే అకౌంటెంటు | తక్కువ | బాగుంటుంది | రాతపూర్వక ఒప్పందం ఉంటే మన చేతిలో | పెరుగుతుంది | ముందే రాసుకుంటే సులభం |
| పెద్ద సంస్థ నీడలో ప్రాజెక్టుగా నడవడం | రాబడిలో వాటా | ఆ సంస్థను బట్టి | పెద్ద సంస్థ చేతిలో | పెరగదు | కష్టం |
| నెట్‌వర్కు సభ్యత్వం, ఉచిత సాఫ్ట్‌వేర్ | చాలా తక్కువ | తక్కువ | మన చేతిలో | కొంత తోడ్పడుతుంది | సులభం |
| విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగుల సేవ | దాదాపు లేదు | బాగుంటుంది | మన చేతిలో | పెరుగుతుంది | మనిషి వెళ్ళిపోతే ఆగుతుంది |

## సొంతంగా పెట్టుకోవడం

నెలనెలా జీతమిచ్చి అకౌంటెంటును పెట్టుకోగలిగితే అంతకంటే నిశ్చింత లేదు. చిన్న సంస్థ చేతనయ్యేది మాత్రం సాధారణంగా ఏడాది చివర ఆడిటరు కార్యాలయానికి కాగితాలన్నీ అప్పగించడం. మార్చి తర్వాత పన్నెండు నెలల వోచర్లను ఒకేసారి కూర్చి లెక్క కట్టేటప్పుడు ఏ ఖర్చు దేనికి చేశామో ఎవరికీ గుర్తుండదు. ఆడిట్ జరుగుతుంది, నివేదిక వస్తుంది. సంస్థ డబ్బు ఎటు పోతోందో మాత్రం కార్యవర్గానికి అప్పటికీ తెలియదు.

ఆడిటరు విషయంలో మన జిల్లాలవారు ఉపయోగించుకోని ఒక వెసులుబాటు ఉంది. చార్టర్డ్ అకౌంటెంటు అర్హతకు రాష్ట్ర సరిహద్దు లేదు. పర్లాకిమిడి సంస్థకు పాతపట్నం దాటి శ్రీకాకుళంలోని ఆడిటరు, రాయగడ సంస్థకు పార్వతీపురం, విజయనగరం ఆడిటరు కూడా సంతకం చేయవచ్చు. తెలుగు వోచర్లను చదవగల ఆడిటరు దగ్గరలోనే దొరుకుతాడు. ఒడియాలో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే పనిని మాత్రం స్థానికుడికి అప్పగించుకోవాలి. ఆడిట్ నివేదిక మీద యూడిన్ (ప్రతి పత్రానికీ ఆడిటరు తీసుకునే ప్రత్యేక గుర్తింపు) సంఖ్య ఉండడం 2019 నుంచి తప్పనిసరి. ఆ సంఖ్యను చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పోర్టల్‌లో ఎవరైనా సరిచూడవచ్చు. ప్రతి కోశాధికారీ ఈ చిన్న పని చేసి తీరాలి.

విదేశీ నిధులకు నమోదైన సంస్థకు ఈ మార్గమే సరైనది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో జరిగిన సవరణ తర్వాత ఆ నిధుల నుంచి పాలనా ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు, సొమ్మును వేరే సంస్థకు బదిలీ చేయకూడదు. ఇంత కట్టుదిట్టమైన నియమాలున్న ఖాతాను అన్నీ తెలిసిన ఒకే మనిషి చేతిలో విడిగా ఉంచడం మేలు.

## ఇరుగుపొరుగు సంస్థలతో కలిసి

నా దృష్టిలో మన జిల్లాల్లోని చిన్న సంస్థలలో ఎక్కువ వాటికి తగినది ఇదే. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒకే పట్టణంలో గానీ, ఒకే బస్సు మార్గంలో గానీ ఉన్న నాలుగైదు సంస్థలు కలిసి ఒక అకౌంటెంటును కుదుర్చుకుంటాయి. ఆ మనిషి వారంలో ఒక్కో రోజు ఒక్కో సంస్థలో కూర్చుంటాడు. వోచరు రాసిన వారంలోనే పుస్తకంలోకి ఎక్కుతుంది. కొన్న మనిషి ఎదురుగానే ఉంటాడు కనుక ఏది దేనికని అడగవచ్చు. నెలాఖరుకు ఒక పేజీ లెక్క కార్యవర్గం ముందుకు వస్తుంది. దీనివల్ల కలిగే అసలు లాభం డబ్బు ఆదా కన్నా ఈ నెలవారీ లెక్కే అనిపిస్తుంది.

ఖర్చు పంచుకోవడంలో తేడాలు రాకుండా ఒక పద్ధతి సూచిస్తాను. జీతం, ప్రయాణం కలిపి నెలకు 20,000 రూపాయలు అనుకుందాం. సగం, అంటే 10,000 రూపాయలను నాలుగు సంస్థలూ సమానంగా 2,500 చొప్పున భరిస్తాయి. మిగిలిన సగాన్ని వోచర్ల సంఖ్యను బట్టి పంచుకుంటాయి. నెలకు అన్ని సంస్థలవీ కలిపి 200 వోచర్లయితే వోచరుకు 50 రూపాయలు పడుతుంది. అప్పుడు 100 వోచర్ల సంస్థ 7,500, 50 వోచర్ల సంస్థ 5,000, 30 వోచర్ల సంస్థ 4,000, 20 వోచర్ల సంస్థ 3,500 చెల్లిస్తాయి. పూర్తిగా సమానంగా పంచితే చిన్న సంస్థ పెద్దదాని పని మోస్తుంది. పూర్తిగా వోచర్ల మీద పంచితే పెద్ద సంస్థ ఎక్కువ సమయం తనకే కావాలంటుంది. అందుకే సగం సగం.

ఇక్కడ చట్టపరమైన మెలిక ఒకటుంది. ఒక సంస్థ జీతమిచ్చి, మిగతావి దానికి డబ్బు కట్టే పద్ధతిని చాలామంది ముందుగా ఆలోచిస్తారు. ఆ డబ్బును విరాళంగా చూపితే, ఒక ధర్మసంస్థ మరొక ధర్మసంస్థకు ఇచ్చిన విరాళంలో 85 శాతమే ఖర్చుగా లెక్కకు వస్తుందన్న 2023 నాటి నియమం అడ్డొస్తుంది. ఫీజుగా చూపితే, వసూలు చేసే సంస్థకు అది వ్యాపార స్వభావం ఉన్న రాబడి అవుతుంది. విద్య, వైద్యం, పేదల సాయం వంటివి కాక "సాధారణ ప్రజోపయోగ" లక్ష్యం కింద నమోదైన సంస్థకు అటువంటి రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. ఈ రెండు చిక్కులూ లేని దారి ఏమిటంటే, ఆ అకౌంటెంటును ప్రతి సంస్థా తన సొంత ఉత్తరంతో, తన రోజులకు మాత్రమే నియమించుకొని, తన ఖాతా నుంచి నేరుగా చెల్లించడం. సంస్థల మధ్య ఒక్క రూపాయి కూడా చేతులు మారదు. ఆయనకు ఇచ్చేది వృత్తిపరమైన ఫీజు అయి, ఏడాదికి ఒక సంస్థ నుంచి 50,000 దాటితే టీడీఎస్ (చెల్లించేటప్పుడే పన్ను కోయడం) సంగతి కూడా చూసుకోవాలి.

గదిని, ప్రింటరును, స్కానరును పంచుకోవడం అంత కష్టం కాదు. ఇంటి యజమానితో అద్దె ఒప్పందంలో అందరి పేర్లూ ఉంటే చాలు. అయితే ప్రతి సంస్థకూ తాళం ఉన్న వేరే బీరువా ఉండాలి. లబ్ధిదారుల ఆధార్ నకళ్ళు, వైద్య కాగితాలు పది మంది తిరిగే గదిలో బల్ల మీద ఉండకూడదు. మనల్ని నమ్మి ఇచ్చిన పేదవారి కాగితాలవి. 2022లో వచ్చిన ఆదాయపు పన్ను 17ఎఎ నియమం ప్రకారం నగదు పుస్తకం, ఆవర్జా, బిల్లులు, దాతల వివరాలను పదేళ్ళ పాటు భద్రపరచాలి కనుక చెదలు పట్టని చోటు కూడా చూసుకోవాలి.

కలిసి ఉండడం వల్ల కలిగే మరొక మేలు విపత్తుల కాలంలో తెలుస్తుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. అటువంటి సమయాల్లో బట్టలు, బియ్యం, టార్పాలిన్లు, డబ్బు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఎవరు ఏమిచ్చారో రాసుకునే మనిషి, సరుకు దించే గది ముందే ఉన్న సంస్థలు పంపిణీ మీద మనసు పెట్టగలవు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి 80జి మినహాయింపు రాదని, దాత పాన్ నంబరు లేకుండా మే నెలలో 10బిడి పూర్తి చేయడం కష్టమని ఆ హడావుడిలో గుర్తుచేసే మనిషి ఉండడం చిన్న విషయం కాదు.

లోపం కూడా చెప్పాలి. నాలుగు సంస్థల గుట్టూ ఒక్కరికి తెలుస్తుంది. ఒకే దాతను ఇద్దరు ఆశ్రయించే చిన్న పట్టణంలో ఇది మనస్పర్థలకు దారితీయవచ్చు. అందుకని అకౌంటెంటు ఒకరైనా ఆడిటరు వేరే వ్యక్తి కావడం తప్పనిసరి అని నేనంటాను. రాసినవాడే తనిఖీ చేస్తే ఆ తనిఖీకి అర్థం లేదు.

## పెద్ద సంస్థ నీడలో

ఇంకా నమోదు కాని బృందానికి, లేదా ఒకే ఏడాది చేసి ముగించే పనికి ఇది మంచి మార్గం. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ కుదిరే వరకు పిల్లల చదువు ఆగనక్కరలేదు. పెద్ద సంస్థ తన ఖాతాలో విరాళం తీసుకొని, తన పేరుతో రసీదు ఇచ్చి, నిర్వహణ కోసం కొంత వాటా మినహాయించుకొని మన పనికి ఖర్చు చేస్తుంది.

చాలామంది ఆలస్యంగా గ్రహించేదేమిటంటే, ఆ డబ్బు చట్టం దృష్టిలో ఆ సంస్థదే. మనస్పర్థ వస్తే మిగిలిన నిల్వను వెంట తీసుకుపోలేము. మూడేళ్ళు ఎంత చక్కగా పనిచేసినా ఆ అనుభవం వారి నివేదికల్లోనే నమోదవుతుంది. పెద్ద సంస్థకు వచ్చిన విదేశీ నిధిని చిన్న సంస్థ ఖాతాలోకి పంపడం కూడా కుదరదు; వారే తమ కార్యక్రమంగా నేరుగా ఖర్చు పెట్టాలి. కాబట్టి ఈ ఏర్పాటులోకి వెళ్ళేవారు ముగింపు తేదీ రాసుకొని వెళ్ళాలి. ఈలోగా సొంత నమోదు పని మొదలుపెట్టాలి. కొత్త సంస్థకు మొదట 12ఎబి తాత్కాలిక నమోదు మూడేళ్ళకు దొరుకుతుంది.

## నెట్‌వర్కులు, ఉచిత సాఫ్ట్‌వేర్, సేవాభావంతో వచ్చేవారు

ఈ రెండు మార్గాలూ పై వాటికి తోడుగా పనికివస్తాయి, వాటి స్థానాన్ని భర్తీ చేయలేవు. 1988లో ఏర్పడిన వాణి (సేవాసంస్థల సమాఖ్య) వంటి జాతీయ నెట్‌వర్కుల ద్వారా చట్టంలో వచ్చే మార్పులు సకాలంలో తెలుస్తాయి, శిక్షణలు దొరుకుతాయి. సేవాసంస్థల వివరాలు ఉంచే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఉచితం. ప్రభుత్వ పథకాల నిధులకు ఆ సంఖ్య అడుగుతారు. అర్హత నిర్ధారణ పూర్తయిన ధర్మసంస్థలకు గూగుల్, మైక్రోసాఫ్ట్, కాన్వా తమ సేవలను ఉచితంగానో రాయితీతోనో ఇస్తాయి. సంస్థ పేరుతో ఒక ఈమెయిల్ ఖాతా ఉంటే కార్యదర్శి మారినప్పుడల్లా పాత ఉత్తరాలు పోకుండా ఉంటాయి. అయితే ఢిల్లీలో ఇంగ్లిషులో జరిగే శిక్షణ గుణుపురంలోని కోశాధికారికి ఎంతవరకు ఉపయోగపడుతుందో ఆలోచించి సభ్యత్వ రుసుము కట్టాలి. ఇరుగుపొరుగు సంస్థల నుంచి ఒక్కరు వెళ్ళివచ్చి మిగతావారికి తెలుగులో చెప్పడం మేలైన పద్ధతి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలో విశ్వవిద్యాలయాలున్నాయి; వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థులకు ఇటువంటి పని నిజమైన అనుభవం. బ్యాంకుల్లో, రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగువారు కూడా ప్రతి పట్టణంలో ఉన్నారు. పాత వోచర్లు వరుసలో పెట్టడం, దాతల జాబితా కూర్చడం వంటి ముగింపు ఉన్న పనులు వీరికి ఇవ్వాలి. గడువు ఉన్న పనిని జీతం లేని మనిషి మీద పెట్టి తర్వాత నిందించడం న్యాయం కాదు.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

నెలకు 20, 30 వోచర్లు మించని, సొంత నమోదులున్న సంస్థ పొరుగువారితో కలవాలి. దగ్గరలో తనలాంటి సంస్థలు లేకపోతే విశ్రాంత ఉద్యోగి సాయంతో నెలవారీ లెక్క నడుపుకుంటూ, సరిహద్దు అవతల తెలుగు చదవగల ఆడిటరును కుదుర్చుకోవాలి. నమోదు లేని బృందం ఏడాది, రెండేళ్ళకు మించకుండా పెద్ద సంస్థ నీడలో ఉండవచ్చు. సామాజిక బాధ్యత నిధుల కోసం చూస్తున్నవారు మాత్రం ఆ నీడలోకి వెళ్ళకూడదు. విదేశీ నిధులున్నవారు ఆ ఖాతాను విడిగా నడుపుకొని, కావాలంటే గదిని మాత్రం పంచుకోవాలి. మల్కనగిరి లోపలి ప్రాంతాల వంటి దూరపు చోట్ల వారానికి ఒక రోజు మనిషి రావడం కష్టం కనుక, వోచర్లను ఫోనుతో స్కాన్ చేసి వారంవారం పంపి, నెలకు ఒక్కసారి ముఖాముఖి కూర్చునే పద్ధతి పెట్టుకోవచ్చు.

కలిసి నడవాలని నిర్ణయించుకున్నవారు మొదటి నెల జీతం ఇవ్వకముందే రెండు పేజీల ఒప్పందం రాసుకోవాలి. ఎవరికి ఏ రోజు, వాటా ఎలా లెక్కిస్తారు, అకౌంటెంటు సెలవు పెడితే పని ఎవరు చూస్తారు, ఒకరు తప్పుకోదలిస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి, తప్పుకున్న సంస్థ పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ ఫైలు నకలు ఎన్ని రోజుల్లో దాని చేతికి రావాలి అన్నవి అందులో ఉండాలి. మే, సెప్టెంబరు నెలల్లో ఎవరూ తప్పుకోకూడదన్న షరతు కూడా రాసుకుంటే మంచిది. ఈ ఒప్పందాన్ని ఆమోదిస్తూ ప్రతి కార్యవర్గమూ తన మినిట్స్ పుస్తకంలో తీర్మానం చేసుకోవాలి; తెలుగులో రాసిన ఆ తీర్మానానికి ఇంగ్లిషు లేదా ఒడియా నకలు ఒకటి జతచేస్తే బ్యాంకులోనూ, రిజిస్ట్రారు కార్యాలయంలోనూ మళ్ళీ తిరగవలసిన పని ఉండదు.